చెడగొట్టి నేర్పే ఓఎస్ ల్యాబ్: అరచేతి కంప్యూటర్లతో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎలా చెప్పాలి

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓఎస్ ల్యాబ్ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. జేఎన్టీయూ సిలబస్ ప్రకారం ప్రాసెసర్ ఎవరికి ముందు దక్కాలో తేల్చే ఎఫ్‌సీఎఫ్ఎస్ (ముందొచ్చిన పనికి ముందు), ఎస్‌జేఎఫ్ (చిన్న పనికి ముందు), రౌండ్ రాబిన్ (వంతులవారీగా) పద్ధతులను సీ ప్రోగ్రాములుగా రాయిస్తాం, పనులు ఒకదానికొకటి అడ్డుపడి నిలిచిపోకుండా చూసే బ్యాంకర్స్ అల్గారిథం రాయిస్తాం. బర్స్ట్ టైమ్, అంటే ఒక్కో పనికి కావలసిన ప్రాసెసర్ సమయం, కీబోర్డు మీద విద్యార్థే కొడతాడు. సగటు వెయిటింగ్ టైమ్ తెర మీద పడుతుంది, రికార్డులో మన సంతకం పడుతుంది. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్; ఇక్కడ మాత్రం అది అరే (array)లో ఒక అంకె, అంతే. పనులకు ప్రాసెసర్‌ను పంచే అసలు షెడ్యూలర్ అదే కంప్యూటర్లో, అదే క్షణంలో, దాని కిందే పనిచేస్తూ ఉంటుంది. దాని వైపు ఎవరూ చూడరు.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక కాలేజీలో ఈ సబ్జెక్టు చెబుతాను. ల్యాబ్ పీసీ మీద పిల్లలకు రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ ఇవ్వలేం. ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఫైలు పేరు మార్చమని చెప్పలేం. ఫైలు రాస్తుండగా ప్లగ్గు పీకమని అసలే చెప్పలేం. రాస్ప్‌బెరీ పై లాంటి, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఇవన్నీ చేయించవచ్చు. ఓఎస్ ఉండే మెమరీ కార్డు పాడైతే మళ్ళీ రాసుకుంటే సరిపోతుంది. నేను ఈ బోర్డులకు మారింది తక్కువ ధర చూసి కాదు, భయం లేకుండా చెడగొట్టే వీలు చూసి. ఈ పద్ధతిలో మీరూ మొదలుపెట్టాలంటే ఏం కొనాలి, ఏ వారం ఏం చేయించాలి, ఎక్కడ దెబ్బ తింటారు అన్నది కింద రాస్తున్నాను.

ఏం కొనాలి

30 మంది బ్యాచ్‌కు ఇద్దరికొకటి చొప్పున 15 బోర్డులు చాలు. నా ఎంపిక రాస్ప్‌బెరీ పై జీరో 2 డబ్ల్యూ. 2021 అక్టోబరులో 15 డాలర్ల ధరతో విడుదలైంది. పన్నులు, రవాణా కలిపి ఇక్కడ అంతకన్నా ఎక్కువే పడుతుంది. నాలుగు కోర్లు, 1 గిగాహెర్ట్జ్ వేగం, 512 ఎంబీ మెమరీ. రాస్ప్‌బెరీ పై 4, రాస్ప్‌బెరీ పై 5 కొనమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఈ సబ్జెక్టుకు మెమరీ తక్కువ ఉండటమే మేలు. ఎందుకో మెమరీ పాఠంలో చెబుతాను.

బోర్డుతో పాటు ఒక్కొక్కదానికి 16 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డులు రెండు, 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే టీటీఎల్ వైరు (బోర్డు సందేశాలను పీసీ తెర మీదికి తెచ్చేది) ఒకటి తీసుకోండి. వైరు 3.3 వోల్టులదే కావాలి. 5 వోల్టులది తగిలిస్తే బోర్డు పిన్ను కాలిపోతుంది. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళితే వైర్లు, ఎల్‌ఈడీలు, 330 ఓమ్‌ల రెసిస్టర్లు, బ్రెడ్‌బోర్డులు ఒక్క చక్కరులో వచ్చేస్తాయి. కార్డులు, రీడర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో చూడండి. జీరో 2 డబ్ల్యూకు పిన్నులు అతికించి రావు. సోల్డరింగ్ వచ్చిన ఈసీఈ ల్యాబ్ టెక్నీషియన్‌ను ముందే మాట్లాడుకోండి, ఒక మధ్యాహ్నం పని.

అడాప్టర్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మొదటి సెమిస్టర్‌లో నేను చవక ఫోన్ చార్జర్లు తెచ్చాను. బోర్డులు ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేవి, కార్డులు పాడయ్యేవి. తప్పు పిల్లల ప్రోగ్రాముల్లో ఉందనుకుని మూడు వారాలు వెతికాను. చివరికి వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ అనే కమాండ్ కొడితే సున్నా రావాల్సిన చోట వేరే సంఖ్య వచ్చింది, వోల్టేజి పడిపోతోందని అర్థమైంది. అప్పటి నుంచి ప్రతి ల్యాబ్ మొదట్లో ఆ కమాండ్ కొట్టించి, వచ్చిన విలువను రికార్డులో రాయిస్తున్నాను. కొలతలు తీసే రోజున ఉష్ణోగ్రత కూడా రాయించండి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటితే ఏసీ లేని ల్యాబ్‌లో చిప్ 80 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు అది తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, మీ టైమింగ్ లెక్కలన్నీ తారుమారవుతాయి.

కార్డు సిద్ధం చేయడం

రాస్ప్‌బెరీ పై ఇమేజర్‌తో 64 బిట్ లైట్ వెర్షన్ రాయండి. డెస్క్‌టాప్ ఉన్నది వద్దు. మొదటి కార్డును మీ ఇంట్లోనే, మీ ఇంటర్నెట్‌తో సిద్ధం చేసుకోండి: జీసీసీ కంపైలర్, ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్, బోర్డు పిన్నులను నడిపే పైథాన్ జీపీఐఓజీరో లైబ్రరీ అందులోనే ఎక్కించండి. 15 బోర్డులూ ఒకేసారి కాలేజీ వైఫై మీద ప్యాకేజీలు దించుకోవడం మొదలుపెడితే ఆ పీరియడ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత ఆ కార్డు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా తీసి మిగతావాటికి ఎక్కించండి. ప్రతి కార్డు మీద పర్మనెంట్ మార్కర్‌తో నంబరు వేయండి.

కార్డులోని బూట్ విభాగంలో (కంప్యూటర్ లేచేటప్పుడు ముందు చదివే భాగం) రెండు ఫైళ్ళుంటాయి: కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్, సీఎండీలైన్ డాట్ టెక్స్ట్. అది ఫ్యాట్ విభాగం కాబట్టి విండోస్ పీసీలోనూ తెరుచుకుంటుంది. కాన్ఫిగ్‌లో ఎనేబుల్ అండర్‌స్కోర్ యూఆర్ట్ విలువ 1 చేయండి. బోర్డులో 6వ పిన్ను గ్రౌండ్, 8వది పంపేది, 10వది అందుకునేది. బోర్డు పంపే పిన్ను వైరు అందుకునే కొసకు, బోర్డు అందుకునే పిన్ను వైరు పంపే కొసకు తగలాలి. సీరియల్ వైరులో నాలుగో కొస, అంటే ఎర్రది, ఎక్కడా తగిలించవద్దు. ల్యాబ్ పీసీలో పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి వేగం 115200 పెడితే, బోర్డు మేల్కొంటూ చెప్పే ప్రతి మాటా తెర మీద కనిపిస్తుంది. ఇందువల్ల మానిటర్లు, కీబోర్డులు కొనే పని తప్పుతుంది.

మొదటి వారం: లేవని కంప్యూటర్

పాఠం బూట్ కావడంతో కాదు, బూట్ కాకపోవడంతో మొదలుపెట్టండి. కార్డును పీసీలో పెట్టి కెర్నల్8 డాట్ ఐఎంజీ అనే ఫైలు పేరు మార్పించండి. కార్డు తిరిగి బోర్డులో పెడితే ఆకుపచ్చ లైటు 7 సార్లు మిణుకుతుంది, ఆగుతుంది, మళ్ళీ 7 సార్లు. కెర్నల్ దొరకలేదని దాని అర్థం. స్టార్ట్ డాట్ ఈఎల్ఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఫైలు దొరక్కపోతే 4 సార్లు. అప్పుడు అడగండి: కెర్నల్ లేదు కదా, మరి ఈ లైటును ఎవరు మిణికిస్తున్నారు? అక్కడి నుంచి చిప్ లోపలి బూట్ రోమ్ (ROM), గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద నడిచే ఫర్మ్‌వేర్, ఆ తర్వాతే కెర్నల్ అన్న వరుస వాళ్ళ నోటే వస్తుంది.

రెండో ప్రయోగం నాకు ఎంతో ఇష్టమైనది. సీఎండీలైన్ ఫైలు చివర, అదే వరుసలో, ఇనిట్ ఈక్వల్స్ అని రాసి (ఇనిట్ అంటే కెర్నల్ మొట్టమొదట నడిపే ప్రోగ్రామ్) బిన్ బాష్, అంటే కమాండ్లు తీసుకునే షెల్, దారి ఇవ్వండి. ఆ ఫైలు మొత్తం ఒకే వరుసలో ఉండాలి. ఎంటర్ కొడితే పనిచేయదు. అందులోని కన్సోల్ టీటీవై1 అన్న ముక్కను తీసేయండి, లేకపోతే షెల్ సీరియల్ వైరు మీదికి రాదు. బూట్ చేస్తే లాగిన్ అడగకుండా నేరుగా రూట్ షెల్ వస్తుంది. ఎకో, రెండు డాలర్ గుర్తులు కొట్టిస్తే 1 అని చూపిస్తుంది. ఇప్పుడు ఈ షెల్లే ఒకటో ప్రాసెస్. ఎగ్జిట్ కొట్టమనండి. కెర్నల్ ప్యానిక్ అవుతుంది, అంటే ఇక నడవలేక ఆగిపోతుంది; ఇనిట్‌ను చంపబోయారని దాని సందేశంలో ఉంటుంది. ఇనిట్ ఎందుకు చావకూడదో పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యం, ఆ తెర చూశాక ఎవరూ మర్చిపోలేదు. ఇంకో ప్రశ్న పిల్లలే అడుగుతారు: కార్డు చేతికి దొరికితే ఎవరైనా ఇలా రూట్ కావచ్చా? కావచ్చు. ఆ మాట సెక్యూరిటీ యూనిట్‌లో మళ్ళీ పనికొస్తుంది.

షెడ్యూలింగ్: ముందు లెక్క, తర్వాత కొలత

దీనికి రెండు వారాలు కేటాయించండి. నాలుగు కోర్లుంటే పోటీయే ఉండదు కాబట్టి సీఎండీలైన్‌లో మ్యాక్స్‌సీపీయూస్ విలువ 1 అని రాసి ఒక్క కోరుతోనే బూట్ చేయించండి. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ మాస్టర్, పది ఆర్డర్లు: సరిగ్గా ఆ పరిస్థితి తేవాలి.

అంతులేని లూప్ ఒకటి సీలో రాయించి రెండు కాపీలు నడపండి: ఒకటి మామూలుగా, ఇంకోటి నైస్ 5తో (నైస్ సంఖ్య పెరిగేకొద్దీ ప్రాసెసర్ వాటా తగ్గుతుంది). ప్రాసెసర్‌ను ఏ ప్రాసెస్ ఎంత వాడుతోందో చూపే టాప్ కమాండ్ చూడకముందే ఎవరికెంత వాటా వస్తుందో రికార్డులో రాయమనండి. లినక్స్‌లో నైస్ సున్నాకు బరువు 1024, నైస్ 5కు 335. ఒక్కో మెట్టుకు సుమారు 1.25 రెట్ల తేడా ఉండేలా ఆ పట్టికను తయారుచేశారు. 1024ని మొత్తం 1359తో భాగిస్తే 75 శాతం పైచిలుకు. టాప్‌లో 75, 25 దగ్గర అంకెలు ఊగుతుంటే క్లాసు మొహాలు చూడాలి. తమ లెక్క అసలు కెర్నల్‌తో కుదరడం వాళ్ళకు అదే మొదటిసారి. నైస్ 19 బరువు 15; ఆ లెక్క వాళ్ళకే వదిలేయండి.

ఒక జాగ్రత్త. రెండు కాపీలనూ ఒకే టెర్మినల్ నుంచి నడపాలి. వేర్వేరు లాగిన్‌ల నుంచి నడిపితే ఆటోగ్రూప్ అనే సదుపాయం వల్ల కెర్నల్ ముందు సెషన్ల మధ్య సమంగా పంచుతుంది, నైస్ తేడా కనిపించకపోవచ్చు. తెలియకపోతే కెర్నల్ తప్పు చేసిందనుకుంటారు. తెలిస్తే అదీ ఒక పాఠమే.

పుస్తకాల్లోని రౌండ్ రాబిన్ క్వాంటమ్ (ఒక్కో వంతుకిచ్చే స్థిర సమయం) ఇక్కడ అలాగే కనిపించదని కూడా చెప్పండి. 2007లో 2.6.23 కెర్నల్‌తో సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ వచ్చింది, 2023లో 6.6తో దాని స్థానంలోకి ఈఈవీడీఎఫ్ వచ్చింది. కెర్నల్ వెర్షన్ చూపే యూనేమ్ కొట్టించి తమ బోర్డు మీద ఏది నడుస్తోందో వాళ్ళనే తేల్చమనండి.

తర్వాత సీహెచ్ఆర్‌టీ కమాండ్‌తో అదే లూప్‌ను ఫిఫో అనే రియల్ టైమ్ తరగతిలో (మామూలు పనులను తోసేసి నడిచేది), ప్రయారిటీ 50తో నడపండి. ముందు టైమ్‌అవుట్ 30 (30 సెకన్లకు ఆపేసేది) తగిలించడం మరవకండి. వెంటనే "సార్, హ్యాంగ్ అయింది" అని నాలుగు వైపుల నుంచి కేకలొస్తాయి. ఓపిగ్గా టైప్ చేయమనండి. అక్షరాలు సెకనుకోసారి గుంపుగా వచ్చి పడతాయి. రియల్ టైమ్ పనులు సెకనులో 950 మిల్లీసెకన్లే తీసుకునేలా, మిగతా 50 మామూలు పనులకు మిగిలేలా కెర్నల్ మామూలుగా కాపు కాస్తుంది. స్టార్వేషన్ (వంతు రాక పని మాడిపోవడం) అనే పదం ఇక్కడ చెబితే ఎక్కుతుంది.

ఆ రోజే మార్స్ పాత్‌ఫైండర్ కథ చెప్పండి. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన ఆ నౌక కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అయింది. వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రయారిటీ పని ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరికే దక్కే తాళం) పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి పని దాన్ని తోసేసి నడిచేది. అదే మ్యూటెక్స్ కోసం ఎక్కువ ప్రయారిటీ పని ఎదురుచూస్తూ ఉండిపోయేది. తాళం పట్టుకున్న పనికి, దానికోసం ఎదురుచూసేదాని ప్రయారిటీ ఇచ్చే ప్రయారిటీ ఇన్హెరిటెన్స్‌ను ఆన్ చేసే మార్పును భూమి మీద నుంచే పంపి సరిచేశారు.

థ్రెడ్లు, ఎల్‌ఈడీలు

రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనులు), ఒక ఉమ్మడి కౌంటరు. ఒక్కోటి కోటిసార్లు ఒకటి కలపాలి. రెండు కోట్లు రావాలి, రావు. ఈ ప్రోగ్రామును ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేయించండి; ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయి పెడితే కంపైలర్ లూప్ మొత్తాన్ని ఒక్క కూడికగా మార్చేసి మీ ప్రయోగాన్ని మింగేస్తుంది. మెషీన్ కోడ్‌ను విప్పి చూపే ఆబ్జ్‌డంప్‌తో చూపిస్తే లోడ్, యాడ్, స్టోర్ అని మూడు సూచనలు విడివిడిగా కనబడతాయి. ఇంటెల్ ప్రాసెసర్‌లో మెమరీకి నేరుగా కలిపే ఒకే సూచన ఉండటంతో పిల్లలకు ఇది అంత తేటగా కనబడదు. మూడింటి మధ్యలో దూరితే ఏమవుతుందో ఆర్మ్ ప్రాసెసరున్న మన బోర్డు మీద వేలు పెట్టి చూపించవచ్చు. ఒక్క కోరుతో ఒకసారి, నాలుగు కోర్లతో ఒకసారి నడిపి, ఎన్ని కూడికలు గల్లంతయ్యాయో పోల్చమనండి. తర్వాత మ్యూటెక్స్ పెట్టించి, ఎంత నెమ్మదించిందో కొలిపించండి. ఆ మూల్యం తెలియకుండా లాక్ పెట్టడం నేర్పకూడదు.

డెడ్‌లాక్ (ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ నిలిచిపోవడం) చూపడానికి అయిదు ఎల్‌ఈడీలు చాలు. డైక్‌స్ట్రా చెప్పిన అయిదుగురు తత్వవేత్తల సమస్యను (గుండ్రటి బల్ల చుట్టూ అయిదుగురు, మధ్యలో అయిదు ఫోర్కులు, తినాలంటే పక్కనున్న రెండూ కావాలి) పైథాన్ థ్రెడ్లతో రాయించండి. ఎవరు తింటుంటే వాళ్ళ లైటు వెలగాలి. ఎడమ ఫోర్కు తీసుకున్నాక పావు సెకను ఆగేలా పెడితే కొద్ది సేపట్లోనే అయిదు లైట్లూ ఆరిపోతాయి, మళ్ళీ వెలగవు. తప్పు సందేశం లేదు, క్రాష్ లేదు, ప్రాసెసర్ ఖాళీగా ఉంది. పాతబస్తీ గల్లీలో ఎదురెదురుగా ఇరుక్కుని, ఎవరూ వెనక్కి వెళ్ళని రెండు ఆటోల్లాగా. పరిష్కారం చెప్పేయకండి. చివరి తత్వవేత్త ముందు కుడి ఫోర్కు తీసుకుంటే చాలని ఎవరో ఒకరు పట్టుకుంటారు. లైట్లు మళ్ళీ ఆడటం మొదలయ్యాక సర్క్యులర్ వెయిట్ (గుండ్రంగా ఒకరికోసం ఒకరు ఎదురుచూడటం) అని నల్లబల్ల మీద రాయండి.

మెమరీ: 512 ఎంబీ అక్కరకొచ్చే చోటు

సీలో మెమరీ అడిగే మ్యాలాక్‌తో 200 ఎంబీ అడిగి, ముట్టుకోకుండా ఆగే ప్రోగ్రామ్ రాయించండి. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైలు తెరిస్తే వీఎంసైజ్ (అడిగిన మెమరీ) పెరిగి ఉంటుంది, వీఎంఆర్ఎస్ఎస్ (నిజంగా దక్కిన మెమరీ) పెరగదు. ఇప్పుడు 4096 బైట్లకొక బైటు చొప్పున రాస్తూ పొమ్మనండి. ఆర్ఎస్ఎస్ కళ్ళ ముందే ఎక్కుతుంది. పేజీ అంటే 4 కేబీ మెమరీ ముక్క; ఇంకా దక్కని పేజీని ముట్టుకుంటే వచ్చేది పేజ్ ఫాల్ట్. ఎన్ని పేజ్ ఫాల్టులు రావాలి? 200 ఎంబీని 4 కేబీతో భాగిస్తే 51,200. గెట్ ఆర్‌యూసేజ్ ఫంక్షన్ చూపించే సంఖ్య దానికి దగ్గరగా ఉండాలి. వందల్లోనే ఆగిపోతే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు (మెమరీని పెద్ద ముక్కలుగా ఇచ్చే సదుపాయం) ఆన్‌లో ఉన్నట్టు. ఆపి మళ్ళీ నడపండి. రాస్ప్‌బెరీ పై 5 మీద మామూలుగా వచ్చే కెర్నల్ పేజీ సైజు 16 కేబీ. ఎవరి దగ్గరైనా అది ఉంటే 12,800 వస్తుందా అని పందెం కట్టించండి.

తర్వాత స్వాప్ (మెమరీ చాలనప్పుడు పేజీలను వేరే చోట దాచే సదుపాయం) ఆపేసి, ఆగకుండా మెమరీ అడిగి రాస్తూ పోయే ప్రోగ్రామ్ నడపండి. 16 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇది చాలాసేపు పడుతుంది, తెరిచి ఉన్న పనులన్నీ పోతాయి, ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ చూస్తుండగానే అయిపోతుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కెర్నల్ ఎవరిని చంపిందో, వాళ్ళ దగ్గర ఎంత మెమరీ ఉందో రాసి ఉంటుంది. స్వాప్ తిరిగి ఆన్ చేసి అదే ప్రోగ్రామ్ నడిపి, వీఎంస్టాట్‌లో ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లు (స్వాప్ నుంచి వచ్చేవి, స్వాప్‌కు పోయేవి) చూపిస్తే థ్రాషింగ్, అంటే అసలు పని కన్నా పేజీల మార్పిడికే సమయం పోవడం, అర్థమవుతుంది.

బెలేడీ వింత (మెమరీ ఫ్రేములు పెంచినా పేజ్ ఫాల్టులు పెరగడం) మాత్రం కాగితం మీదే మంచిది. 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే పేజీల వరుసకు ఫిఫోలో (ఇక్కడ ముందొచ్చిన పేజీని ముందు తీసేయడం) మూడు ఫ్రేములకు 9 ఫాల్టులు, నాలుగింటికి 10.

డబ్బు మిగిలితే 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెరీ పై పీకో ఒక్కటి తెచ్చి చూపించండి. దానికి 264 కేబీ మెమరీ ఉంది, ప్రోగ్రాముల చిరునామాలను వేరుచేసి కాపాడే ఎంఎంయూ లేదు. లినక్స్ మీద ఒక ప్రోగ్రామ్ తనది కాని చిరునామాలో రాస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది. పీకో మీద ఒక టాస్క్ ఇంకో టాస్క్ అరేను చెరిపేసినా మామూలుగా అడిగేవాడు ఉండడు. ప్రతి ప్రోగ్రాముకూ సొంత చిరునామాలిచ్చే వర్చువల్ మెమరీ ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా సూటి మార్గం నాకు దొరకలేదు.

ఫైల్ సిస్టమ్: ప్లగ్గు పీకే రోజు

రెండో కార్డు అవసరం ఇక్కడే. ఒక ఫైలులో పేరు రాసి మూసేసి, రెండు సెకన్లలోపు ప్లగ్గు పీకించండి. మళ్ళీ లేపితే ఫైలు ఉండకపోవచ్చు, ఉన్నా ఖాళీగా ఉండవచ్చు. ప్రోగ్రామ్ మాత్రం విజయవంతంగా రాశానని చెప్పింది. రాసింది పేజ్ క్యాష్‌లోకి (మెమరీలోని తాత్కాలిక కాపీకి) వెళ్ళింది, కార్డు మీదికి కాదు. రెండోసారి, రాసినదాన్ని కార్డు మీదికి పంపించే ఎఫ్‌సింక్ పిలిచాక పీకించండి. పేరు ఉంటుంది. బూట్ సందేశాల్లో జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) రికవరీ వరుసను వెతికి పట్టుకోమనండి. కార్డు మీది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ డ్రైవర్ ఆ కొద్ది క్షణాల్లో ఏ నిర్మాణాన్ని సరిచేసిందో, ఫైలు లోపలి సమాచారాన్ని మాత్రం ఎందుకు కాపాడలేదో అన్న చర్చ పీరియడ్ మొత్తం నడుస్తుంది. వేసవిలో ల్యాబ్‌లో కరెంటు పోయినప్పుడు జరిగేది కూడా ఇదేనని వాళ్ళకు తట్టేలా చేయండి.

రికార్డు, మార్కులు

సిలబస్‌లోని సిమ్యులేషన్లు మానేయకండి, ఎక్స్‌టర్నల్‌కు అవి కావాలి. ప్రతి సిమ్యులేషన్ పక్కన బోర్డు మీద చేసిన ప్రయోగం ఒకటి పెట్టండి. రికార్డులో మూడు గళ్ళు చాలు: ముందు ఊహించింది, కొలిచింది, తేడాకు కారణం. మూడో గడి రాయనివారికి మిగతా రెండింటి మార్కులు ఇవ్వకండి. బోర్డులకు ఈ ఏడాది మంజూరు రాకపోతే ఎంఐటీ వాళ్ళు 2006లో బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఓఎస్‌ను ల్యాబ్ పీసీల్లోనే క్యూఈఎంయూ (కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) మీద ఉచితంగా నడపవచ్చు. ప్లగ్గు పీకడం, లైట్లు ఆరడం ఉండవు కానీ కోడ్ మొత్తం ఒక సెమిస్టర్‌లో చదివేయవచ్చు.

ఇంటర్నల్ పరీక్షకు నేను ప్రశ్నపత్రం ఇవ్వను. ముందు రోజు రాత్రి 15 కార్డులను 5 రకాలుగా చెడగొడతాను: ఒకదానిలో కెర్నల్ పేరు మారి ఉంటుంది, ఒకదానిలో సీఎండీలైన్ రెండు వరుసలుగా విరిగి ఉంటుంది, ఒకదానిలో ఇనిట్ దారి తప్పు, ఒకదానిలో బూట్ కాగానే ఫిఫో లూప్ మొదలవుతుంది, ఒకదానిలో కార్డు నిండిపోయి లాగ్ రాయడానికి చోటుండదు. జట్టుకు ఒక కార్డు, ఒక సీరియల్ వైరు, 45 నిమిషాలు. కార్డు రీడర్ నా బల్ల మీద ఉంటుంది. అడిగితే ఇస్తాను, కానీ ఎందుకు కావాలో ముందు చెప్పాలి.